వంజరం కొనకండి, చెక్కలు నానబెట్టకండి

సూళ్లూరుపేటలో ఉంటూ పొగ పెట్టడానికి వంజరం కొనకండి. నేను చెప్పే మొదటి సలహా ఇదే. వినగానే చాలామంది మొహం చిట్లిస్తారు. చుట్టాలొస్తున్నారంటే మా ఊళ్లో సంచీ పట్టుకుని బయల్దేరిన మనిషి కాళ్లు వంజరం తట్ట దగ్గరే ఆగుతాయి. వేపుడుకు దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. పొయ్యి మీద పెట్టే పొగ పెట్టె సంగతి వేరు. వంజరాన్ని చక్రాల్లాగా అడ్డంగా కోసి ఇస్తారు. ఆ ముక్కకు తోలు చుట్టూ అంచుకే ఉంటుంది, రెండు పక్కలా కోసిన కండ బయటికే ఉంటుంది. పెట్టెలోని పొడి వేడికి ఆ కండలో నీరంతా ఇగిరిపోయి, నమిలితే పీచులాగా తగులుతుంది.

కవళ్లు కొనండి. కానాగంతలు కొనండి. వంజరం కిలోకు పెట్టే డబ్బుకు ఇల్లంతా కడుపు నిండా తినేటన్ని వస్తాయి. చవకగా వస్తాయని చెప్పడం లేదు. వాటి ఒంట్లో నూనె ఉంటుంది. చెక్క మగ్గి కాలేటప్పుడు దాని లోపలి లిగ్నిన్ విడిపోయి ఫినాల్ జాతి పదార్థాలు పుడతాయి. పొగ వాసన అని మనం అనేది చాలావరకు అదే. అవి నీళ్లలో కంటే నూనెలో బాగా ఇముడుతాయి. అందుకే నూనె ఉన్న చేప పొగను పట్టుకుంటుంది, నూనె లేని చేప పైపైన రంగు పూసుకుని ఊరుకుంటుంది. పైగా కవళ్లను ముక్కలు కోయనక్కర్లేదు. తల, పేగు తీసేస్తే తోలు చుట్టుకున్న చేప చేపగానే పెట్టెలోకి పోతుంది. పులికాట్ సరస్సు నుంచి వచ్చే పండుగప్ప కూడా బాగుంటుంది, కాకపోతే తోలుతో పాటు నిలువుగా చీల్చి ఇమ్మని అడగాలి. రొయ్యలైతే పెంకుతోనే పెట్టాలి. నెత్తళ్లను వదిలేయండి, అవి ఎండబెట్టడానికి పుట్టిన చేపలు.

ఇక నుంచి చెప్పేవన్నీ ఇలాంటివే. ఎవరిని అడిగినా ఒకటి చెప్తారు, నేను దానికి ఎదురు చెప్తాను. మొండితనంతో కాదు. నాలుగేళ్లుగా మిద్దె మీద చేపలూ కోడీ మాంసమూ పొగలో పెడుతున్నాను, చేయగూడని తప్పులు చేశాను. ఒక తప్పుకు మా అమ్మ మూడు రోజులు మంచం పట్టింది. ఆ సంగతి కూడా చెప్తాను.

పెట్టె గురించి ముందు. టెక్సాస్‌లో ఉండే మా మరిది ఒక సంక్రాంతికి వస్తూ స్టీలు పెట్టె ఒకటి తెచ్చాడు. లోతు తక్కువ, పొడవు ఎక్కువ. అడుగున రెండు చెంచాల చెక్కపొడి పోయాలి. దాని మీద నూనె కారితే పట్టుకునే పళ్లెం, పళ్లెం మీద జాలీ, జాలీ మీద చేప, పైన జరిపి మూసే మూత. "ఇంతే వదినా, గ్యాసు పొయ్యి మీద పెట్టి మూత జరిపితే అరగంటలో పొగ చేప" అన్నాడు. పెట్టె మంచిదే, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ దానికోసం మీరు డబ్బు పెట్టకండి. ఇంట్లో మందపాటి ఇనప బాణలి, దానికి సరిపోయే మూత, స్టీలు జాలీ ఉంటే చాలు. బాణలి అడుగున అల్యూమినియం రేకు పరిచి చెక్కపొడి పోయండి. దాని మీద చిన్న స్టీలు పళ్లెం ఉంచి, జాలీ పెట్టండి. మూత చుట్టూ దమ్ బిర్యానీకి పెట్టినట్టే గోధుమపిండి ముద్ద మెత్తండి. రెండింట్లోనూ ఒకే చేపను ఒకే రోజు పెట్టి చూశాను. తేడా చెప్పమంటే నేను చెప్పలేను.

ఏ గిన్నె పడితే ఆ గిన్నె మాత్రం కాదు. నాన్‌స్టిక్ గిన్నెను ఉత్తగా పొయ్యి మీద పెట్టి అంత వేడి చేస్తే దాని పూత చెడి విషపు ఆవిరి వస్తుంది. పలచటి అల్యూమినియం ఇడ్లీ పాత్ర అడుగు వంకర పోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, జాలీ కూడా దాంట్లోనే ఉంటుంది కదా అంటారు. ఒక్కసారి కూడా ఆ పని చేయకండి. పొగలోని తారు చల్లారాక జిగురులాగా గట్టిపడుతుంది. అది విజిల్ గొట్టంలోనో, సేఫ్టీ వాల్వులోనో పేరుకుంటే మర్నాడు పప్పు పెట్టినప్పుడు ఆవిరి పోయే దారి ఉండదు.

చెక్క గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మరిది పెట్టెతో పాటు ఒక పొట్లం కూడా తెచ్చాడు, మెస్కీట్ అనే చెట్టు చెక్కపొడి. టెక్సాస్‌లో మాంసానికి పొగ పెట్టాలంటే దాన్ని గొప్పగా చెప్పుకుంటారట. ఆ పొట్లం అయిపోయాక ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతుంటే తెలిసింది, మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దాయాది చెట్టని. పులికాట్ గట్టున, రైలు కట్టల పక్కన, బీడు పడిన చెరువుల్లో ఒంటినిండా ముళ్లతో నిలబడి ఉండే కంపచెట్టే అది. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీ అడవి అధికారులు మెట్ట నేలల్లో వంటచెరకుకు పనికొస్తుందని విత్తనాలు తెప్పించారు, తొలిగా నాటిన చోట్లలో కడప సీమ ఒకటి. ఇప్పుడది నేల తడిని తాగేసి మిగతా చెట్లను బతకనివ్వడం లేదని అందరూ తిట్టుకుంటారు, తిట్టడంలో న్యాయం ఉంది. కానీ పొగకు దాన్ని మించిన చెట్టు మా చుట్టుపక్కల లేదు. పొట్లాలు తెప్పించుకోకండి. బాగా ఎండిన కంప మొద్దు ఒకటి తెచ్చుకుని రంపంతో కోసి, రాలిన పొట్టునూ చిన్న చిన్న పేళ్లనూ డబ్బాలో దాచుకోండి. దాని పొగ ఘాటు. చేపకు ఒక చెంచా మించకూడదు. అంత ఘాటు వద్దనుకుంటే మామిడి, జామ చెక్కలు మెత్తగా ఉంటాయి. కొబ్బరి చిప్పను మెత్తగా నలగ్గొట్టి వాడినా రొయ్యలకు చక్కగా కుదురుతుంది.

కొన్ని చెట్ల దగ్గరకే పోకండి. గన్నేరు చెట్టు ఒళ్లంతా విషం, కాల్చినా పోదు, దాని పొగ పీల్చడమే ప్రమాదం. వేప చేదు. జామాయిల్ కాలితే ఔషధం వాసన కొడుతుంది. జీడిగింజల పెంకుల్లో ఒళ్లు పొక్కించే నూనె ఉంటుంది. వడ్రంగి కొట్లో పొట్టు ఊరికే ఇస్తారు, కానీ దాంట్లో ప్లైవుడ్ పొట్టు, జిగురు, రంగు ఎంత కలిసిందో ఎవరూ చూసి చెప్పలేరు. ఊరికే వచ్చినా వద్దు.

చెక్కల్ని గంటసేపు నానబెట్టండి, అప్పుడు పొగ ఎక్కువసేపు వస్తుంది అని అంటారు. మరిది తెచ్చిన పొట్లం మీద కూడా అలాగే ఉంది. నానబెట్టకండి. నీళ్లున్నంతసేపు చెక్క నూరు డిగ్రీలు దాటి వేడెక్కదు. పొగ పుట్టాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేడి కావాలి. ఆ నీరంతా ఆవిరయ్యే వరకు మీకు పెట్టెలోంచి కనిపించేది ఆవిరి, పొగ కాదు. ఆ ఆవిరి చేప మీద చెమ్మగా కూర్చుంటుంది. నానబెట్టిన చెక్కతో చేసిన నా మొదటి కానాగంతలు పులిసిన మసి వాసన వేశాయి. మా ఊళ్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. ఆ మూడు నెలలూ గాలే తడి, బయట పెట్టిన చెక్క తనంతట తాను నానుతుంది. అందుకే వేసవిలోనే పొట్టు తయారుచేసి బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టుకుంటాను.

ఇప్పుడు చేప దగ్గరికి వస్తాను. ఇక్కడ నా సలహా మూడు ముక్కలు: మసాలా పట్టించకండి, మూత పెట్టకండి, తొందరపడకండి. మన చేతికి చేప తగలగానే పసుపు, కారం, అల్లంవెల్లుల్లి వాటంతట అవే వచ్చేస్తాయి. పొగ పెట్టే చేపకు ఆ ముద్ద అడ్డుగోడ. పొగ ముద్దకు పట్టి, చేప దాకా పోదు. ఆ ముద్ద కాస్తా మాడి చేదెక్కుతుంది. చేపకు కావలసింది ఉప్పునీళ్లు. లీటరు నీళ్లకు అరవై గ్రాముల రాళ్లుప్పు కరిగించి, కవళ్లను ఇరవై నిమిషాలు, కడుపు చీల్చిన కానాగంతలను నలభై నిమిషాలు ఉంచండి. పైకి తీసి ఒక్కసారి మంచినీళ్లలో కడిగి గుడ్డతో అద్దండి.

అక్కడి నుంచి చేపను జాలీ మీద పేర్చి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు గంటలు. ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా కేకలేస్తారు, పాలకు వాసన పడుతుందని. పాలకూ పెరుగుకూ గట్టిగా మూతలు పెట్టుకోండి, చేపకు మాత్రం పెట్టకండి. తడి ఆరే కొద్దీ చేప మీద సన్నటి పొర, జిగురుగా, మెరుస్తూ తయారవుతుంది. వేలితో తాకితే అంటుకున్నట్టే ఉంటుంది, కానీ వేలికి తడి రాదు. పొగ అతుక్కునేది ఆ పొరకే. ఆ పొర రాకముందు పెట్టెలో పెట్టిన చేప మీద పొగ చారలు చారలుగా కారిపోతుంది. సంక్రాంతి రోజుల్లో, పొడి గాలి వీచేటప్పుడు, మిద్దె మీద దోమతెర కప్పి నీడలో ఆరబెట్టినా గంటలో వస్తుంది. ఎండాకాలంలో ఆ పని చేయకండి.

ఎండాకాలం అన్నాను కాబట్టి ఇంకొకటి. కవళ్లు, కానాగంతలు, ట్యూనా లాంటి చేపలు వేడికి వదిలేస్తే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. ఒకసారి పేరుకున్నాక ఉడికించినా, వేయించినా, పొగ పెట్టినా అది పోదు. కాస్త మెత్తబడిన చేపనే పొగకు వాడుకోవచ్చు, వాసన తెలియదు అని ఎవరైనా అంటే ఆ మాట వినకండి. తెలియని వాసనే మనిషిని పడేస్తుంది. బజారుకు పోయేటప్పుడే డబ్బా పట్టుకెళ్లి, చేప మీద ఐసు వేయించుకుని ఇంటికి రండి.

పొగ ఎంత పెట్టాలి? ఇది ఎవరిని అడిగినా ఇల్లంతా ఘుమఘుమలాడేంత అంటారు. మా అమ్మమ్మ తలంటుకున్నాక మాకు సాంబ్రాణి వేసే తీరు నాకు గుర్తు. నిప్పులు బాగా రాజుకుని పైన బూడిద తెల్లగా కమ్మే వరకు ఆగేది. అప్పుడు చిటికెడు వేసేది, గుప్పెడు కాదు. సన్నటి పొగ లేస్తే జుట్టు పాయలు విడదీసి దాని మీద పట్టేది. ఎవరైనా ఎక్కువ వేస్తే దగ్గు తప్ప వాసన మిగలదనేది. పొగ పెట్టెకూ అదే కొలత. గ్యాసు మధ్యస్థంగా పెట్టి, మూత కాస్త సందుగా ఉంచి చూస్తూ ఉండండి. మొదటి సన్నటి పోగు లేవగానే మూత పూర్తిగా జరిపి మంట తగ్గించండి. సందుల్లోంచి అప్పుడప్పుడు నీలంగా, పలచగా ఒక పోగు కనిపిస్తే లోపల అంతా బాగుందన్నట్టు. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేచినప్పుడు మేమంతా మిద్దెలెక్కి చూసే తెల్లటి దట్టమైన పొగ కంటికి పండుగే. పెట్టెలోంచి అలాంటి పొగ వస్తుంటే మాత్రం మంట ఎక్కువైందని, లేదా చేప నూనె చెక్క మీద కారుతోందని అర్థం. వెంటనే ఆపేయండి. కవళ్లకు పన్నెండు పదిహేను నిమిషాలు, కానాగంతలకు ఇరవై, పండుగప్ప చీలికలకు ఇరవై అయిదు, రొయ్యలకు ఎనిమిది నుంచి పది. మధ్యలో మూత తీసి చూడకండి.

తక్కువ పొగ అని ఇంత పట్టుగా చెప్పడానికి రుచి ఒక్కటే కారణం కాదు. కొవ్వు నిప్పు మీద పడి కాలినా, చెక్క మరీ వేడెక్కినా పొగలో బెంజోపైరీన్ లాంటివి పెరుగుతాయి. అది క్యాన్సర్ కలిగించేది. యూరప్‌లో పొగ పెట్టిన చేపల్లో, మాంసాల్లో అది కిలోకు రెండు మైక్రోగ్రాములు దాటకూడదని 2014 నుంచి నియమం ఉంది. ఉప్పుతోనో పొగతోనో నిల్వకు తయారుచేసిన మాంసాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గుంపులో చేర్చింది. నేను నెలకు ఒకసారి మించి పెట్టను. ఆ పళ్లెం, చెక్కకూ చేపకూ మధ్య పెట్టే ఆ చిన్న పళ్లెం, ఎప్పుడూ మరిచిపోను.

ఇక కోడి సంగతి. మా అమ్మను మంచం పట్టించింది అదే. రెండో ఏడాది, చేపలు చెయ్యి తిరిగాయన్న ధైర్యంతో కోడి కాళ్లు పెట్టాను. ముప్పై నిమిషాలకు మూత తీస్తే తేనె రంగులో నిగనిగలాడుతున్నాయి. అంత అందమైన రంగు నా వంటలో ఎన్నడూ రాలేదు. ఎముక దగ్గర గులాబీ రంగు కనిపిస్తే, పొగకు అలాగే ఉంటుందని ఎక్కడో చదివిన మాట గుర్తొచ్చింది. అమ్మకు వడ్డించాను. ఆ రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. డెబ్బై ఏళ్ల మనిషి. మూడో రోజు సెలైను తీశాక కూడా గోడ పట్టుకునే నడిచింది. చదివిన మాట అబద్ధం కాదు. పొగలోని వాయువులు మాంసం రంగును పట్టుకుని గులాబీగా నిలబెడతాయి. కానీ పచ్చి మాంసం కూడా గులాబీగానే ఉంటుంది. రంగు రెండు వైపులా మోసం చేస్తుంది. అందుకే పొగ విషయంలో కళ్లను నమ్మకండి. గుచ్చి చూసే థర్మామీటరు కొనండి. పెట్టె కొనకపోయినా ఫరవాలేదు, ఇది కొనండి. కోడి మాంసం లోపల, ఎముకకు ఆనకుండా మందమైన చోట, 74 డిగ్రీలు రావాలి. చేప 63. అంత రాకపోతే ఓవెన్‌లోనో పెనం మీదనో పూర్తి చేయండి. పొగ పెట్టడం వేరు, వండడం వేరు. పెట్టె ఒకటే కావడంతో రెండూ ఒకటే అనుకున్నాను.

అప్పటి నుంచి నాటుకోడికీ మటన్‌కూ తలకిందుల పద్ధతి పెట్టుకున్నాను. ముందు ఉడికిస్తాను, ఆ తర్వాత పొగ పెడతాను. పొగ పెట్టెల గురించి రాసేవాళ్లంతా దీనికి ఎదురే చెప్తారు. పచ్చిమాంసానికి పొగ బాగా పడుతుందన్నది నిజమే. కానీ వాళ్లు చెప్పేది పది పన్నెండు గంటలు సన్నటి సెగ మీద ఉంచే పెద్ద పొగ గూళ్లకు. గట్టి కండలో ఉండే నరాలూ పీచూ మెత్తబడాలంటే గంటలకొద్దీ వేడి కావాలి. పొయ్యి మీద అరగంటలో అది జరగదు. మేక తొడ ముక్కల్ని ఉప్పు, పసుపు వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, నీళ్లు వంచి, ముక్కల్ని ఫ్రిజ్‌లో ఆరబెట్టి, పావుగంట కంప పొగ పెట్టండి. వంచిన నీళ్లు రసానికి దాచుకోండి. నాటుకోడిని బొచ్చు పీకాక పసుపు రాసి మంట మీద కాల్చి కదా కోస్తాం. ఆ కాల్చిన తోలు వాసన తెలిసినవాళ్లకు ఈ ముక్క నోట్లో పెట్టగానే అదే గుర్తొస్తుంది. పొగ రుచి మనకు మరిది పెట్టెతో వచ్చింది కాదు. నాటుకోడి తోలులో, నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేపలో ఎప్పటి నుంచో ఉంది.

ఇప్పుడు చెప్పేది చాలామందికి నచ్చదు. పొగ పెట్టిన దాన్ని ఊళ్లకు పంపకండి. మన ఇళ్లలో ఏది బాగా కుదిరినా చేతులు సీసా కోసం వెతుకుతాయి. చెన్నైలో కూతురికి ఒక డబ్బా, బెంగళూరులో కొడుకుకి ఒక డబ్బా. పొగ పెట్టింది కదా, చెడదు అనుకుంటాం. ఈ మాట అన్నిటికంటే ప్రమాదమైనది. పూర్వం పొగ పెట్టిన చేప నెలలకొద్దీ నిలిచిన మాట నిజం. లక్షద్వీప్‌లో మాస్మిన్ అని చేస్తారు. ట్యూనాను ఉప్పునీళ్లలో ఉడికించి, ముళ్లు తీసి, పొగ పెట్టి, రోజుల తరబడి ఎండబెడతారు. చివరికది కర్ర ముక్కలాగా గట్టిపడుతుంది, తురుముకుని తినాలి. దాన్ని నిలబెట్టింది ఉప్పు, ఎండ, నీరంతా పోవడం. పొగ వాటికి తోడు మాత్రమే. మన పెట్టెలో పావుగంట ఉన్న కవళ్లలో నీరు అలాగే ఉంది. ఉప్పు నాలుకకు సరిపడా ఉంది. అది తాజా చేప కూరంత త్వరగానే చెడుతుంది.

చేసిన రెండు గంటల్లో తినండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో ముగించండి. ఐసు లేకుండా రైల్లో చెన్నైకి కూడా వద్దు. మే నెలలో ఆ రైలు పెట్టెలో కూర్చున్న మనిషే ఉడికిపోతాడు. పొగ చేపను నూనెలో ముంచి పచ్చడిలాగా బయట పెట్టే ఆలోచన అసలు రానివ్వకండి. గాలి తగలని చోట, పులుపు లేని చోట, బొటులిజం కలిగించే క్రిమి పెరుగుతుంది. దాని విషానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. అది నరాలను పట్టేసి ఊపిరి ఆపేస్తుంది. మన ఆవకాయ నిలిచేది నూనె వల్ల మాత్రమే కాదు, మామిడికాయ పులుపూ ఉప్పూ వల్ల. గాలి తీసేసి బిగించే ప్లాస్టిక్ సంచులకూ ఇదే మాట. బిగించినా సరే, ఫ్రిజ్ బయట పెట్టకండి.

పొయ్యి మీద పొగ పెట్టె అంటారు కదా, వంటింటి పొయ్యి మీద మాత్రం పెట్టకండి. ఈ ఒక్క దాంట్లో నేను ఎవరి మాటా వినను. మా అమ్మ పెళ్లయిన నాటి నుంచి నా చదువు అయ్యే వరకు కట్టెల పొయ్యి దగ్గరే ఉంది. ఊదుగొట్టంతో ఊది ఊది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ పొగలో మొహం పెట్టేది. వాన రోజుల్లో కట్టె తడిస్తే వంటిల్లు కనిపించేది కాదు, దగ్గు వినిపించేది. 1999లో దీపం పథకం కింద ఊళ్లలో ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చిన రోజుల్లోనే మా ఇంటికీ సిలిండరు వచ్చింది. ఆ వారం అమ్మ వంటింటి గోడలకు మూడుసార్లు సున్నం వేయించింది. మొదటి రెండు పూతల్లోంచీ మసి మళ్లీ బయటికి వచ్చింది. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో, సరదాకని నేను మళ్లీ వంటింట్లోకి పొగ తేలేను. మిద్దె మీదికి చిన్న సిలిండరు, ఒంటి పొయ్యి తీసుకెళ్లాను. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పక్క మిద్దె మీద బట్టలు ఆరేసి ఉంటే ఆగుతాను. బొగ్గుల కుంపటి వాడే పనైతే తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, మగతలోనే ప్రాణం తీస్తుంది.

పొగ కవళ్లను పులుసులో వేయకండి. చింతపండు పులుపూ, మామిడికాయా మంచి తాజా చేపకు. ఆ పులుసులో పొగ జాడ కూడా మిగలదు. వేడివేడిగా ముల్లు తీసి, చేత్తో పొడిపొడిగా చిదిపి, చిన్న ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి కలపండి. రాగి సంగటి ముద్దలో గుంట చేసి దాంట్లో పెట్టుకోండి. నెయ్యి అక్కర్లేదు, చేప నూనె ఉంది.

కోడి సంగతి జరిగాక అమ్మ ఏడాదిన్నర నా పొగ వంట ముట్టలేదు. నేనూ బలవంతం చేయలేదు. పోయిన మాఘంలో ఒక ఆదివారం మిద్దె మీద కవళ్లు పెట్టి, లోపల వేడి ఎంతుందో గుచ్చి చూసి, సంగటితో పిల్లలకు పెడుతున్నాను. అమ్మ కింద వసారాలో కూర్చుని ఉంది. పొగ అటు పోలేదు, నేను చూసుకున్నాను. మనవరాలి పళ్లెంలోంచి చిదిపిన చేప చిటికెడు తీసి ముందు వాసన చూసింది.

"ఏందే ఇది, నాటుకోడిని కాల్చిన వాసనొస్తుండాది?"

"కవళ్లమ్మా. ఉడికినాయి, చూసే దించినాను."

నోట్లో వేసుకుంది. నమిలింది. పళ్లెం తనవైపు జరుపుకుని, "దానికి ఇంకోటి పెట్టుకురాపో" అంది.